పీఎల్‌సీకీ మీ సొంత ప్రోగ్రామ్‌కీ మధ్య వారధి: ఏ దారి ఎవరికి

రెండేళ్ల కిందట మార్చి నెలలో, గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి నేను రాసిచ్చిన ప్రోగ్రామ్ సాయంత్రం ఆరు గంటల నుంచి రాత్రి పది దాకా మూడో ఛాంబర్ ఉష్ణోగ్రత 6.4 డిగ్రీలని చూపిస్తూనే ఉంది. యార్డు నుంచి సరుకు వస్తోంది, తలుపులు బార్లా తెరిచి లోడింగ్ చేస్తున్నారు, అయినా అంకె కదలలేదు. కదలని అంకెను చూసి ఆఫీసులో అందరూ సంతోషించారు. రాత్రి డ్యూటీకి వచ్చిన ఆపరేటర్ అలవాటుకొద్దీ లోపలికి వెళ్లి, గోడకు వేలాడే పాత థర్మామీటర్ చూస్తే పదకొండు. మిర్చి టిక్కీలు మోసే బండి తగిలి, ప్యానెల్ నుంచి ఆఫీసు గదికి వచ్చే కేబుల్ ఎప్పుడో తెగిపోయింది.

తప్పు కేబుల్‌ది కాదు, బండిదీ కాదు. చదవడం విఫలమైతే ఏం చేయాలో రాయాల్సిన చోట నేను ఏమీ రాయలేదు. చివరగా వచ్చిన విలువ తెర మీద అలాగే నిలిచిపోయింది. నాలుగు గంటల్లో మిరపకాయలకు ఏమీ కాదు కాబట్టి సరుకు దక్కింది. యజమాని మాత్రం ఆ తర్వాత నెల రోజులు నా తెరను నమ్మకుండా పుస్తకంలోనే రాయించుకున్నారు. ఆయన చేసింది సరైన పనే.

అప్పటి నుంచి పీఎల్‌సీతో (ప్యానెల్‌లో ఉండి యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్‌తో) మాట్లాడటానికి ఏ లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) మంచిదని ఎవరు అడిగినా నేను వేగం గురించి, ధర గురించి మొదట మాట్లాడను. రెండు ప్రశ్నలు అడుగుతాను. లైను తెగితే ఆ సంగతి మీ ప్రోగ్రామ్‌కు ఎలా తెలుస్తుంది? లైను తెగకుండానే, లాడర్‌లో (పీఎల్‌సీ లోపలి ప్రోగ్రామ్‌లో) ఎవరో ఏదో మార్చినందువల్ల మీరు చదివే అంకెకు అర్థం మారిపోతే ఎలా తెలుస్తుంది? కింద చెప్పే ప్రతి దారినీ ఈ రెండు ప్రశ్నలతోనే తూచాను.

విజయవాడ ఆటోనగర్‌లో ప్యానెళ్లు కట్టేవారికీ, ఇక్కడి మిల్లులకూ డెయిరీలకూ సాఫ్ట్‌వేర్ రాసే కుర్రవాళ్లకూ మధ్య నిలబడి పని చేస్తున్న అనుభవంతో రాస్తున్నాను. సీ షార్ప్, పైథాన్ వచ్చినవారు ఇక్కడ బోలెడు మంది ఉన్నారు. లాడర్ వచ్చినవారూ ఉన్నారు. రెండూ వచ్చినవారు తక్కువ. యజమానులేమో వేబ్రిడ్జి కాటా బరువు, ఛాంబర్ ఉష్ణోగ్రత, కరెంటు యూనిట్లు, స్టాకు లెక్క అన్నీ ఒకే తెర మీద కావాలంటున్నారు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం లాంటి పెద్ద చోట్ల సంగతి వేరు. అక్కడ ప్లాంటు మొత్తాన్ని నడిపే డీసీఎస్ ఉంటుంది, దాన్ని చూసుకునే విభాగమూ ఉంటుంది. నేను చెప్పేది ఒకటి రెండు పీఎల్‌సీలు, పది ఇరవై ఉష్ణోగ్రత కంట్రోలర్లు ఉండే చోట్ల గురించి.

ముందు ప్యానెల్ తలుపు తెరవండి

ఏ లైబ్రరీ డౌన్‌లోడ్ చేసే ముందైనా పీఎల్‌సీ మీద ఉన్న మోడల్ నంబరు ఫోటో తీసుకోండి. "మాది సీమెన్స్ అండీ" అంటే సరిపోదు. ఎస్7-200, ఎస్7-1200, ఎస్7-1500 మూడూ సీమెన్స్‌వే, మూడింటితో మాట్లాడే పద్ధతుల్లో తేడాలున్నాయి. తర్వాత, లాడర్ ప్రోగ్రామ్ ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. ప్యానెల్ కట్టినతను దానికి పాస్‌వర్డ్ పెట్టి, ఫోను ఎత్తడం మానేసి ఉంటే మీ ఎంపికలు అక్కడే సగం తగ్గిపోతాయి. లాడర్‌లో ఒక్క లైను కూడా చేర్చలేని పరిస్థితిలో వాడగల దారులు వేరు, చేర్చగలిగితే వేరు.

ఎంత తరచుగా చదవాలో కూడా ముందే తేల్చుకోండి. కోల్డ్ స్టోరేజీ ఛాంబర్‌లో వేల బస్తాల చల్లదనం ఉంటుంది, అది సెకను సెకనుకూ మారేది కాదు. ముప్పై సెకన్లకు ఒకసారి చదివినా ఎక్కువే. అయినా వంద మిల్లీసెకన్లకు ఒకసారి చదివే కోడ్ రాసి, పీఎల్‌సీ నెమ్మదించిందని ఫిర్యాదు చేసేవారిని చూశాను.

మోడ్‌బస్: ముసలిదే, కానీ ఊరంతా తెలుసు

1979లో మోడికాన్ సంస్థ తన పీఎల్‌సీల కోసం తయారు చేసిన మోడ్‌బస్ ఇప్పటికీ ఈ ప్రాంతంలో అందరికీ అర్థమయ్యే భాష. డెల్టా పీఎల్‌సీ, ఎనర్జీ మీటరు, మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ, ఉష్ణోగ్రత కంట్రోలర్, దాదాపు అన్నింటికీ వస్తుంది. లైబ్రరీలు ఉచితం: పైథాన్‌కు పైమోడ్‌బస్, డాట్‌నెట్‌కు ఎన్‌మోడ్‌బస్, సీ భాషకు లిబ్‌మోడ్‌బస్. వీటి లైసెన్సులు వ్యాపార ప్రోగ్రాముల్లో వాడుకోవడానికి అడ్డు చెప్పవు. లిబ్‌మోడ్‌బస్‌ది ఎల్‌జీపీఎల్ కాబట్టి దాన్ని విడి ఫైలుగా ఉంచి కలుపుకుంటే తలనొప్పి ఉండదు. పైమోడ్‌బస్ వాడేవారికి ఒక మాట: వెర్షన్ మారినప్పుడు ఫంక్షన్లు, వాటికి ఇచ్చే పేర్లు మారిపోతుంటాయి. పనిచేస్తున్న వెర్షన్ నంబరును బిగించి పెట్టుకోండి. లేకపోతే కొత్త కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన రోజున పాత కోడ్ పలకదు.

మోడ్‌బస్‌లో చిక్కు భాషలో లేదు, లెక్కల్లో ఉంది. పరికరంతో వచ్చే పుస్తకంలో 40001 అని ఉన్నదాన్ని లైన్ మీద 0 అని అడగాలి. డెల్టా డీవీపీలో డీ0 అనే రిజిస్టర్ (విలువ దాచే గది) హెక్సాలో 1000 దగ్గర, అంటే మామూలు లెక్కలో 4096 దగ్గర మొదలవుతుంది. ఆ సంగతి తెలియక 0 దగ్గర వెతుకుతూ ఒక పూట పోగొట్టుకున్నవారు ఒకరు కాదు. అదే పీఎల్‌సీ కొత్తగా పెట్టెలోంచి తీసినప్పుడు సీరియల్ పోర్టు 9600, ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ, ఆస్కీ పద్ధతిలో ఉంటుంది. మీరు ఎనిమిది బిట్ల ఆర్‌టీయూ పద్ధతిలో అడిగితే అది గోడకు చెప్పినట్లే.

మైనస్ విలువల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. అమోనియా కాయిల్ ఉష్ణోగ్రత మైనస్ 5.0 అయితే కంట్రోలర్ దాన్ని పదో వంతుల్లో మైనస్ 50గా పంపుతుంది. మీరు గుర్తు లేని సంఖ్యగా చదివితే 65486 వస్తుంది, తెర మీద 6,548.6 డిగ్రీలు కనిపిస్తుంది. సూర్యుడి ఉపరితలం కూడా అంత వేడిగా ఉండదు. ఇలాంటి తప్పు కంటికి కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది కాబట్టి మంచి తప్పు. చెడ్డ తప్పు వేరే ఉంది: దశాంశ విలువను రెండు రిజిస్టర్లలో పంపే పరికరాల్లో ఏ రిజిస్టర్ ముందో, ఏది వెనకో తారుమారైతే 6.5 అనే విలువ దాదాపు సున్నాగా వస్తుంది. సున్నా డిగ్రీలంటే కోల్డ్ స్టోరేజీలో ఎవరైనా నమ్మేస్తారు.

ఇక నా రెండు ప్రశ్నలు. లైను తెగితే మోడ్‌బస్ టైమౌట్ (గడువులో జవాబు రాలేదన్న లోపం) ఇస్తుంది, అంతే. విలువ ఎప్పటిదో, నమ్మదగినదో చెప్పే ఏర్పాటు అందులో లేదు. ఆ లోటు మనమే పూడ్చాలి. లాడర్‌లో సెకనుకు ఒకటి చొప్పున పెరిగే కౌంటర్ ఒకటి పెట్టించండి. మీ ప్రోగ్రామ్ దాన్ని కూడా చదవాలి. పది సెకన్లు అది కదలకపోతే తెర మీద అంకెలన్నీ తుడిచేసి ఎర్రటి గీతలు చూపించాలి. పాత విలువను లేత రంగులో చూపిస్తే సరిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. చీకటి గదిలో, దుమ్ము పట్టిన మానిటర్ మీద లేత రంగు ఎవరికి కనిపిస్తుంది?

ఈ కౌంటర్ కూడా అన్నీ చెప్పదు. ఉష్ణోగ్రత కంట్రోలర్లను పీఎల్‌సీ చదివి, పీఎల్‌సీని మీరు చదివే ఏర్పాటులో ఒక కంట్రోలర్ చచ్చిపోతే పీఎల్‌సీ దాని చివరి విలువను తన రిజిస్టర్‌లో భద్రంగా దాచుకుంటుంది. కౌంటర్ తిరుగుతూనే ఉంటుంది, విలువ మాత్రం శవం. కంట్రోలర్‌కు ఒకటి చొప్పున "జవాబు వస్తోందా లేదా" అనే బిట్ కూడా లాడర్ నుంచి తీసుకోవాలి.

సీరియల్ లైన్ మీద కాలం లెక్క కూడా వేసుకోండి. పది రిజిస్టర్లు అడిగే ప్రశ్న 8 బైట్లు, జవాబు 25 బైట్లు. బైటుకు 11 బిట్లు చొప్పున 9600 వేగంలో సుమారు 38 మిల్లీసెకన్లు. కంట్రోలర్ ఆలోచించుకునే సమయం కలిపి 60 అనుకుందాం. ఇరవై కంట్రోలర్లు ఒక చుట్టు తిరగడానికి సెకను పైచిలుకు, బాగానే ఉంది. వాటిలో ఒకటి చచ్చిందనుకోండి. టైమౌట్ ఒక సెకను, ప్రయత్నాలు మూడు అని పెట్టి ఉంటే ఆ ఒక్కటే మూడు సెకన్లు మింగుతుంది. మూడు చస్తే చుట్టుకు పది సెకన్లు. చచ్చినదాన్ని కొంతసేపు పక్కన పెట్టి, నిమిషానికి ఒకసారి మాత్రమే పలకరించే సౌకర్యం లైబ్రరీలో ఉంటే మంచిదే, లేకపోతే మీరే రాసుకోవాలి. డబ్బు పెట్టి కొనే కాంపొనెంట్లలో ఇది తరచుగా సిద్ధంగా దొరుకుతుంది. వాటికి డబ్బు పెట్టడానికి నాకు కనిపించే గట్టి కారణాల్లో ఇదొకటి.

తయారీదారు భాషలోనే మాట్లాడే ఉచిత లైబ్రరీలు

పీఎల్‌సీలో మోడ్‌బస్ లేకపోయినా, లాడర్ ముట్టుకునే వీలు లేకపోయినా ఈ దారి. సీమెన్స్‌కు స్నాప్7, డాట్‌నెట్‌లో షార్ప్7, ఎస్7నెట్‌ప్లస్. అలెన్ బ్రాడ్లీకి లిబ్‌పీఎల్‌సీట్యాగ్, పైథాన్‌లో పైకామ్3. చేతిలో పట్టుకుంటే బాగా నచ్చే పనిముట్లివి, అరగంటలో మొదటి విలువ తెర మీదకు వస్తుంది.

ఎస్7-1200, 1500లలో రెండు తాళాలు తీయాలి. బయటి నుంచి పుట్, గెట్ పద్ధతిలో చదవడానికి సీపీయూ సెట్టింగుల్లో అనుమతి ఇవ్వాలి. చదవాల్సిన విలువలుండే డేటా బ్లాక్‌కు ఆప్టిమైజ్డ్ యాక్సెస్ తీసేయాలి. రెండింటికీ సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్, అసలు ప్రాజెక్టు ఫైలు కావాలి. అంటే లాడర్ ముట్టుకోకుండా పని అయిపోతుందన్న ఆశ సీమెన్స్ దగ్గర చాలాసార్లు నెరవేరదు. పైగా ఆ అనుమతి ఇచ్చాక అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా పీఎల్‌సీలో రాయగలరు కూడా. అందుకే ఆ నెట్‌వర్క్‌ను ఆఫీసు వైఫైతో కలపకండి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం నా రెండో ప్రశ్నలో ఉంది. స్నాప్7 లాంటివి డేటా బ్లాక్‌లో ఎన్నో బైటు దగ్గర చదవాలో అడుగుతాయి, పేరు అడగవు. ఆరు నెలల తర్వాత ప్యానెల్ అతను వచ్చి బ్లాక్ మధ్యలో ఒక కొత్త విలువ చేరుస్తాడు. దాని కిందివన్నీ జరిగిపోతాయి. మీ ప్రోగ్రామ్‌కు ఏ లోపమూ రాదు. ఆయిల్ ప్రెషర్ అనుకుని డిశ్చార్జి ప్రెషర్ చదువుతూ హాయిగా సాగిపోతుంది. లైను బతికే ఉంది, అర్థమే చచ్చింది. దీనికి నేను చేసే విరుగుడు మోటుదే కానీ పనిచేస్తుంది: బ్లాక్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఎప్పుడూ మారని గుర్తు సంఖ్యలు పెట్టిస్తాను, 1234, 5678 లాంటివి. చదివిన ప్రతిసారీ అవి రెండూ ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసి, లేకపోతే మొత్తం నిలిపేస్తాను.

అలెన్ బ్రాడ్లీ కంట్రోల్‌లాజిక్స్ కుటుంబంలో ఈ బాధ తక్కువ. అక్కడ ట్యాగ్‌ను, అంటే పేరు పెట్టిన విలువను, ఆ పేరుతోనే అడుగుతాం. పేరు మారిస్తే లైబ్రరీ వెంటనే దొరకలేదంటుంది. తప్పు జరిగినప్పుడు గట్టిగా అరిచే పనిముట్టు, నవ్వుతూ తప్పు అంకె ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు నయం.

తయారీదారు అమ్మే కాంపొనెంట్

మిత్సుబిషికి ఎంఎక్స్ కాంపొనెంట్ ఉంది. ముందుగా వాళ్ల యుటిలిటీలో లాజికల్ స్టేషన్ నంబరు ఒకటి ఏర్పాటు చేసుకుంటే, ప్రోగ్రామ్‌లో ఆ నంబరు ఇచ్చి డీ100 కావాలంటే చాలు. కేబులా ఈథర్‌నెట్టా అన్న గొడవ మీ కోడ్‌లోకి రాదు. పాత ఎఫ్‌ఎక్స్ పీఎల్‌సీలు ఎక్కువగా ఉన్నచోట, మీరు విండోస్ ప్రోగ్రాములే రాసేవారైతే ఇది కొనదగినది.

చిక్కు ఎక్కడంటే, ఇలాంటివి ఎక్కువగా మైక్రోసాఫ్ట్ పాత పద్ధతి యాక్టివ్‌ఎక్స్ కాలంలో పుట్టినవి. మీ ప్రోగ్రామ్ 64 బిట్‌లో కంపైల్ అయితే, 32 బిట్ కాంపొనెంట్ దానికి కనిపించదు. రిజిస్టర్ కాలేదన్న సందేశం చూసి దాన్ని పదిసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. కొనేముందు ఎన్ని బిట్లదో అడగండి. ప్రతి కంప్యూటర్‌కూ వేరే లైసెన్సు కావాలేమో కూడా అడగండి. విజయవాడ డీలరు దగ్గర జవాబు దొరక్కపోతే కంపెనీకే మెయిల్ రాయించుకోండి, నోటి మాట మీద కొనకండి. ఎఫ్‌ఎక్స్5యూ లాంటి కొత్త మోడల్ అయితే మాత్రం అందులో ఈథర్‌నెట్ పోర్టు ముందే ఉంది, ఎస్‌ఎల్‌ఎంపీ అనే భాష, మోడ్‌బస్ టీసీపీ రెండూ వస్తాయి. అక్కడ ఈ ఖర్చు అనవసరం.

ఓపీసీ: పాతది వద్దు, సర్వర్ కొన్నిచోట్ల, యూఏ వీలైన చోటల్లా

ఓపీసీ అంటే వేర్వేరు కంపెనీల పరికరాలతో ఒకే పద్ధతిలో మాట్లాడటానికి పెట్టుకున్న ప్రమాణం. 1996లో వచ్చిన దాని పాత రూపం ఓపీసీ డీఏ, వేర్వేరు కంప్యూటర్లలోని ప్రోగ్రాములను కలిపే మైక్రోసాఫ్ట్ డీకామ్ మీద నిలబడింది. రెండు కంప్యూటర్ల మధ్య దాన్ని నడిపించడానికి అనుమతుల పెట్టెలు టిక్ చేస్తూ వయసు కరిగించుకున్న తరం మాది. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ డీకామ్ భద్రతను తప్పనిసరి చేసి, వెనక్కి తిప్పే మీట కూడా తీసేశాక ఆ బాధ ఇంకా పెరిగింది. కొత్త పని ఏదీ దీని మీద మొదలుపెట్టకండి. కానీ ఒక విషయంలో దానికి దండం పెట్టాలి: ప్రతి విలువతో పాటు సమయమూ, నాణ్యతా వస్తాయి. 192 అంటే మంచిది. అంతకంటే తక్కువ వస్తే అనుమానించాలి. మోడ్‌బస్‌లో మనం కౌంటర్లు పెట్టి తంటాలు పడేది ఇక్కడ పుట్టుకతోనే ఉంది.

ఓపీసీ సర్వర్ సాఫ్ట్‌వేర్ అంటే కెప్‌సర్వర్‌ఈఎక్స్ లాంటిది. పీఎల్‌సీలన్నింటి భాషలూ అదే నేర్చుకుని, మీ ప్రోగ్రామ్‌తో ఒకే భాషలో మాట్లాడుతుంది. ఒక డెయిరీలో సీమెన్స్, మిత్సుబిషి, అలెన్ బ్రాడ్లీ మూడూ ఉన్నాయనుకోండి. పాశ్చరైజర్ ఒకరు, ప్యాకింగ్ యంత్రం ఒకరు, రిఫ్రిజిరేషన్ ఇంకొకరు సరఫరా చేస్తే ఇలాగే ఉంటుంది. మూడు లైబ్రరీలు, మూడు రకాల లోపాలు, మూడు రకాల బైట్ వరసలు మీరు మోయడం కంటే ఇది కొనడం చవక. లైసెన్సు లేకుండా పెట్టినా డ్రైవర్ రెండు గంటలు పనిచేసి ఆగుతుంది, పరీక్షించుకోవడానికి అది చాలు. ఆ రెండు గంటలను మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేస్తూ ప్లాంటు నడిపిద్దామనే ఆలోచన వద్దు. అది మీకు తట్టిందంటే మీ మనసు ఆర్పీఎం దాటి తిరుగుతోందని అర్థం.

ఒకే డెల్టా పీఎల్‌సీ ఉన్న బియ్యం మిల్లుకు ఇదే కొనిపిస్తే అది గోరుతో పోయేదానికి గొడ్డలి. పైగా దానికో విండోస్ కంప్యూటర్ ఇరవై నాలుగు గంటలూ నడవాలి, యూపీఎస్ కావాలి, అర్ధరాత్రి అప్‌డేట్ పేరుతో రీస్టార్ట్ కాకుండా చూడాలి.

2008లో వచ్చిన కొత్త రూపం ఓపీసీ యూఏ పీఎల్‌సీలోనే కూర్చుంటుంది, మధ్యలో కంప్యూటర్ అక్కర్లేదు. ఎస్7-1500లో ఉంది. ఎస్7-1200లో ఫర్మ్‌వేర్ 4.4 నుంచి ఉంది. రెండింటికీ సీమెన్స్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. ట్యాగ్‌లు పేర్లతో కనిపిస్తాయి కాబట్టి బైట్లు జరిగిపోయే భయం లేదు. అడక్కుండానే, మారినప్పుడే విలువ పంపే సబ్‌స్క్రిప్షన్ ఉంది. ప్రతి విలువతో స్టేటస్, సమయం వస్తాయి. నా రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబిచ్చేది ఇదొక్కటే. మీ వైపు లైబ్రరీలు కూడా మంచివే దొరుకుతాయి: సీలో ఓపెన్62541, పైథాన్‌లో ఏసింక్‌యూఏ, జావాలో మైలో, నోడ్‌లో నోడ్ ఓపీసీయూఏ. లైసెన్సు ఫైలు మాత్రం తెరిచి చదవండి. జీపీఎల్ ఉన్నదాన్ని మీ అమ్మకపు ప్రోగ్రామ్‌లో కలిపి, తర్వాత సోర్సు ఇవ్వాల్సి వస్తుందని తెలిసి తల పట్టుకోకండి.

యూఏలో దెబ్బ తినేది సర్టిఫికెట్ల దగ్గర. పీఎల్‌సీ గడియారం వెనక్కి వెళ్లిపోయిందంటే, మీ ప్రోగ్రామ్ సర్టిఫికెట్ దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. కనెక్షన్ ఒప్పుకోదు. ఆదివారం పవర్ కట్ తర్వాత సోమవారం ఉదయం డేటా రావడం లేదని ఫోను వస్తే నేను ముందు అడిగేది పీఎల్‌సీ తేదీ ఎంత ఉందని. విసుగుపడి భద్రత మొత్తం తీసేసి నడిపేవారు ఉన్నారు. పరీక్షకు ఒక పూట సరే. అలాగే వదిలేసి వెళ్లిపోతే యూఏకు డబ్బు పెట్టిన ప్రయోజనంలో సగం పోయినట్లే.

నోడ్‌రెడ్, ఎంక్యూటీటీ

2013లో ఐబీఎంలో పుట్టిన నోడ్‌రెడ్‌తో, కోడ్ రాసే బదులు తెర మీద పెట్టెలను గీతలతో కలిపి మధ్యాహ్నానికల్లా ఏదో ఒకటి చూపించవచ్చు. యజమానికి నమూనా చూపించడానికి ఇంతకంటే మంచిది లేదు. పని పెరిగేకొద్దీ ఆ గీతలు చేపల వలలా అల్లుకుంటాయి, ఏడాది తర్వాత మీకే అర్థం కావు.

విజయవాడలో కూర్చుని గుంటూరు, తెనాలి, నరసరావుపేటల్లో ఉన్న నాలుగు కోల్డ్ స్టోరేజీలను చూడాలనుకునే యజమానికి, విలువలను చిన్న సందేశాలుగా పంపే ఎంక్యూటీటీ సరైనది. ఆయిల్ పైపులైన్ల కోసం 1999లో తయారైన పద్ధతి కాబట్టి, బలహీనమైన లైన్ల మీద బతకడం దానికి తెలుసు. అక్కడి చిన్న పెట్టె స్థానికంగా మోడ్‌బస్ చదివి ఇక్కడికి పంపుతుంది. ఇందులో రెండు సౌకర్యాలున్నాయి, ఒకటి కత్తి, ఒకటి డాలు. రిటెయిన్డ్ సందేశం అంటే బ్రోకర్ (మధ్యలో సందేశాలు అందుకుని పంచే సర్వర్) చివరి విలువను దాచి, కొత్తగా వచ్చినవారికి ఇస్తుంది. ఆ విలువ మూడు రోజుల పాతదైనా ఇస్తుంది. నా 6.4 డిగ్రీల కథ ఇంకో రూపంలో మళ్లీ జరగడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. విలువతో పాటు చదివిన సమయాన్ని కూడా సందేశంలోనే పంపండి. రెండోది లాస్ట్ విల్, అంటే వీలునామా. పెట్టె లైను తెగితే తెగిందని బ్రోకరే అందరికీ చాటింపు వేస్తుంది. ఇది తప్పక వాడండి.

ఆ పెట్టెగా రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టేవారు మెమరీ కార్డు మీద ప్రతి సెకనూ లాగ్ రాయకండి. కరెంటు పోయి వచ్చే మన చోట్ల ఆ కార్డులు ఎక్కువ కాలం ఉండవు.

సొంతంగా ప్రోటోకాల్ రాసుకోవడం? మోడ్‌బస్ అయితే ఒక వారాంతంలో రాయొచ్చు, నేర్చుకోవడానికి రాయండి కూడా. ప్లాంటులో మాత్రం పదివేల మంది వాడి దెబ్బలు తిని సరిదిద్దినదే పెట్టండి. వేబ్రిడ్జి కాటా దగ్గర మాత్రం మినహాయింపు. ఆ ఇండికేటర్ సీరియల్ లైన్ మీద బరువును వరసగా పంపుతుంటుంది, పది లైన్ల కోడ్ చాలు.

నేనైతే ఏది పెడతాను

గుంటూరు తరహా కోల్డ్ స్టోరేజీకి, డెల్టా పీఎల్‌సీ, ఇరవై కంట్రోలర్లు, లాడర్ ఇచ్చే ప్యానెల్ అతను ఉంటే: మోడ్‌బస్, ఉచిత లైబ్రరీ, కౌంటర్, కంట్రోలర్‌కో బిట్. మిగిలిన డబ్బుతో కంట్రోలర్లను కలిపే ఆర్ఎస్-485 లైన్‌కు మంచి షీల్డ్ కేబుల్ వేయించి, కంప్రెసర్ మోటారు కేబుళ్లకు దూరంగా తీసుకెళ్లి, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టించండి. సాఫ్ట్‌వేర్ తప్పులని నా మీదకు వచ్చినవాటిలో చాలా భాగం ఆ రెసిస్టర్లతో పోయాయి.

మూడు కంపెనీల యంత్రాలున్న డెయిరీకి: ఓపీసీ సర్వర్ కొనండి, మీ ప్రోగ్రామ్ దానితో యూఏలోనే మాట్లాడాలి. కొత్తగా ఎస్7-1500 పెడుతున్న స్పిన్నింగ్ మిల్లుకు: లోపలి యూఏ, కొనుగోలు ఆర్డర్‌లోనే లైసెన్సు రాయించండి, తర్వాత అడిగితే వేరే బడ్జెట్ అంటారు. పాస్‌వర్డ్ తెలియని పాత సీమెన్స్ ప్యానెల్ అయితే ఏ లైబ్రరీ వద్దు, దాన్ని ముట్టుకోకండి. కావాల్సిన నాలుగు ఉష్ణోగ్రతలకు వేరే సెన్సర్లు, వాటిని చదివే మోడ్‌బస్ ఉన్న చిన్న స్కానర్ పెట్టుకోవడం చవక, నిద్ర కూడా పడుతుంది.

ఇవన్నీ చదవడం గురించి. రాయడం వేరే సంగతి. "బాబూ, ఫోన్‌లోంచి కంప్రెసర్ ఆన్ చేసేలా పెట్టు" అని యజమాని అడుగుతారు. ఏ దారి ఎంచుకున్నా మీ ప్రోగ్రామ్ నేరుగా అవుట్‌పుట్‌ను ముట్టుకోకూడదు. అభ్యర్థన బిట్ ఒకటి పెట్టాలి. ఆయిల్ ప్రెషర్, డిశ్చార్జి ప్రెషర్, మోటారు ఓవర్‌లోడ్ చూసుకుని ఒప్పుకోవాలో వద్దో లాడర్ తేల్చాలి. అమోనియా ఉన్నచోట ఈ విషయంలో మొహమాటానికి పోకండి. మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ అనే మాటే తెలియదు కాబట్టి, ఇంటర్నెట్ రౌటర్‌లో 502 పోర్టు తెరిచి ఇంటి నుంచి చూద్దామనుకోవడం కూడా అంతే. వీపీఎన్ పెట్టండి.

ఏది పెట్టినా డబ్బు పూర్తిగా తీసుకునే ముందు యజమాని ఎదుటే ఒక పని చేయండి. ఈథర్‌నెట్ కేబుల్ పీకండి, తెర ఎర్రబడటానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం చూసి చెప్పండి. తర్వాత ఒక కంట్రోలర్ వైరు పీకండి. తర్వాత పీఎల్‌సీని స్టాప్‌లో పెట్టండి, దీనికి మాత్రం ప్లాంటు ఆగి ఉన్న సమయం చూసుకోండి. మూడూ మళ్లీ పెట్టాక ఎవరూ మౌస్ ముట్టుకోకుండానే అంకెలు తిరిగి రావాలి. నేను ఆ కోల్డ్ స్టోరేజీలో ఈ పరీక్ష చేసింది ఏప్రిల్‌లో. మొదటిసారి నలభై సెకన్లు పట్టింది. సరిచేసి మళ్లీ పీకితే పదకొండు. యజమాని ఏమీ అనలేదు, పుస్తకం రాసే కుర్రవాణ్ణి పిలిచి కాటా దగ్గరకు పంపారు.